అరువు బొమ్మ, బెల్లపు బంగారం

బొమ్మకూ అది చూపే వస్తువుకూ గల సంబంధం ఎటువంటిదన్న ప్రశ్న భారతీయ తత్వశాస్త్రానికి పాతదే. స్టాక్ ఫొటో, అంటే ఫలానా సందర్భం కోసమని కాక ఏ సందర్భానికైనా సరిపోయేటట్టు ముందుగానే తీసి నిల్వ ఉంచిన ఛాయాచిత్రం, ఆ ప్రశ్నను ఊరి ఫ్లెక్సీ దుకాణం దాకా తెచ్చింది. 2013లో ఆస్ట్రేలియాలో మొదలైన కాన్వా వంటి ఆన్‌లైన్ డిజైన్ సాధనాల్లో ఇటువంటి చిత్రాలు లెక్కలేనన్ని ఉంటాయి; ఉచిత చిత్రాలకు పేరుపొందిన పెక్సెల్స్, పిక్సాబేలను ఆ సంస్థ 2019లో కొనుగోలు చేసింది. ఒక మాట టైపు చేస్తే బొమ్మలు వరుసకడతాయి. నచ్చినదాన్ని టెంప్లేట్‌లో, అంటే ముందే సిద్ధంగా ఉన్న అమరికలో, పెట్టి పైన పేరూ తేదీ చేరిస్తే ఒక పూట పని కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది. ఇంత త్వరగా ముగిసిన పనిలో, రాసిన మాటకూ చూపిన బొమ్మకూ మధ్య సత్యం నిలిచి ఉందా లేదా అన్నదే ఇక్కడి విచారణ.

ఈ విచారణకు ఛత్తీస్‌గఢ్‌లోని భోపాల్‌పట్నం తగిన చోటు. ఒకప్పటి బస్తర్ సంస్థానంలో జమీందారీగా ఉండి, నేడు బీజాపూర్ జిల్లాలో ఉన్న ఈ ఊరు ఇంద్రావతి గోదావరిలో కలిసే తావుకు చేరువలోనిది. తెలుగు, దోర్లి, గోండి, హల్బీ, హిందీ మాటలు ఇక్కడ కలగలిసి వినిపిస్తాయి. హైదరాబాదు నుంచి వరంగల్లు, ములుగు, ఏటూరునాగారం మీదుగా గోదావరి దాటి వచ్చే 163వ జాతీయ రహదారి ఇక్కడి దాకా సాగుతుంది, ఆ దారినే ఈ ప్రాంతపు జనం రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి వేళకు మేడారం సమ్మక్క సారలమ్మల జాతరకు తరలివెళతారు. జాతర దగ్గరపడితే స్వాగత ఫ్లెక్సీలు కావాలి, ఫ్లెక్సీకి బొమ్మ కావాలి, సమయమేమో ఉండదు. గిరిజన స్త్రీ అనో, దేవత అనో వెతికితే ఏ రాష్ట్రపుదో తెలియని చీరకట్టు, ఏ ఊరిదో తెలియని ముఖం తెరమీదికి వస్తుంది; వెనకనున్న గోడను చెరిపేసి అడవిని అతికించిన తరువాత, ఆ ముఖం కిందనే అమ్మవారి పేరు చేరుతుంది.

గౌతముని న్యాయసూత్రాల ప్రకారం ఒక పదానికి అర్థం వ్యక్తి, ఆకృతి, జాతి అనే మూడూ కలిసినది. ఆవు అన్నప్పుడు కళ్లెదుట కట్టేసి ఉన్న ఈ ఆవు వ్యక్తి, గంగడోలూ కొమ్ములూ గల అమరిక ఆకృతి, ఆవులన్నిటిలో సమానంగా ఉండే గోత్వం జాతి. కెమెరా పట్టేది ఎప్పుడూ వ్యక్తినే, ఎందుకంటే గోత్వాన్ని ఎవరూ ఫొటో తీయలేరు. కాని స్టాక్ నిల్వలోకి చేరిన మనిషికి పేరు పోయి, రైతు, తల్లి, గిరిజనురాలు అన్న వెతుకుడు మాటలు మాత్రమే మిగులుతాయి, అంటే వ్యక్తిని తీసి జాతిగా వాడుకుంటారు. సెల్‌ఫోన్ దుకాణం బోర్డు మీద నవ్వే యువకుడు ఎవరని కొనేవాడు అడగడు కనుక అక్కడ మోసం లేదు. అదే ముఖం కింద మన ఊరి రైతు అని రాసినప్పుడు జాతి మళ్లీ వ్యక్తిగా మారుతుంది, అసత్యం ప్రవేశించేది సరిగ్గా ఆ చోటనే.

అయితే ఒకదాన్ని మరొకటిగా చూపడమే దోషమైతే విగ్రహారాధన అంతా దోషమే కావాలి. ఈ చిక్కును విప్పేది శాస్త్రంలోని ఒక సూక్ష్మమైన భేదం. ముత్యపుచిప్పను వెండి అనుకోవడం భ్రమ. అందులో చూసేవాడికి అసలు సంగతి తెలియదు. కాదని తెలిసీ, కావాలనే ఒకదానిమీద మరొకదాన్ని నిలుపుకోవడాన్ని నైయాయికులు ఆహార్యజ్ఞానం అన్నారు. మేడారంలో భక్తులు తమ బరువుతో తూచి సమర్పించే నిలువెత్తు బంగారం నిజానికి బెల్లం. కాంటాలో ఒకవైపు మనిషి, మరోవైపు బెల్లం దిమ్మలు. అమ్మేవాడికీ, మోసేవాడికీ, చీమలు పట్టకుండా గుడ్డ కప్పే ఇల్లాలికీ అది బెల్లమని తెలుసు, అయినా అందరూ దాన్ని బంగారమనే అంటారు. ఆ మాటలో అబద్ధం రవ్వంత కూడా లేదు, ఎందుకంటే అక్కడ మోసపోయినవారు ఒక్కరూ లేరు. ఫ్లెక్సీ మీది అరువు ముఖాన్ని చూసేవారికి మాత్రం అది అరువుదని చెప్పేవారుండరు.

సమ్మక్క విషయంలో ఈ లోటు మరింత బరువైనది. కాకతీయ సేనలతో పోరులో గాయపడిన ఆమె చిలకలగుట్ట వైపు వెళ్లి అదృశ్యమైందనీ, వెదికినవారికి పుట్ట దగ్గర కుంకుమ భరిణె మాత్రమే దొరికిందనీ కథ. పూజారులు చిలకలగుట్ట నుంచి గద్దె మీదికి తెచ్చేది ఆ కుంకుమ భరిణెనే. గద్దెల మీద నిలిచేది వెదురు, విగ్రహం కాదు. ముఖం లేకపోవడం అక్కడ కొరత కాదు, కనబడకుండా వెళ్లిన తల్లిని కనబడనట్టే కొలవడమది. చిత్రకారుడు రవివర్మ 1894లో బొంబాయిలో నెలకొల్పిన ముద్రణాలయం దేవతల పటాలను ఇంటింటికీ చేర్చిందనీ, గుడిలోకి రానివ్వని వారికీ దైవం అందిందనీ, ఆ పటాల వెనకా మానవ రూపాలే ఉన్నాయనీ వాదించవచ్చు. ఆ వాదంలో బలం ఉంది. కాని రవివర్మ లక్ష్మి లక్ష్మిగానే చిత్రించబడింది, పద్మమూ ఏనుగూ ఆమెను గుర్తుపట్టిస్తాయి. స్టాక్ ఫొటోలోని స్త్రీ ఎవరికోసమూ నిలబడలేదు, రేపు అదే ముఖం సబ్బు ప్రకటనలోనూ కనిపించవచ్చు.

వేగమే ఇందుకు కారణమనడం న్యాయం కాదు. కోయల డోలీలు, అంటే గోత్రగాథలు పాడే కళాకారులు, తమతో తెచ్చే పడిగె అనే గుడ్డ పటంలోనూ మనుషుల ఆకారాలు కొద్దిపాటి గీతల్లోనే ఉంటాయి. అయితే పడిగె ఒంటరిగా మాట్లాడదు. అది ఏ గట్టుకు, అంటే ఏ గోత్రానికి, చెందినదో, అందులోనివారు ఎవరికి ఏమవుతారో తెలిసిన మనిషి పక్కన నిలిచి పాడతాడు. 2022లో పద్మశ్రీ పొందిన సకినె రామచంద్రయ్య అటువంటి పరంపరలోని వారే. తెలుగు పత్రికలు అరువు బొమ్మ కింద ప్రతీకాత్మక చిత్రం అని రెండు మాటలు వేయడం ఆ పాటకు చాలా చిన్న రూపం. ఆ రెండు మాటలు ఉన్నంతసేపు బొమ్మ ఆహార్యంగానే ఉంటుంది, అవి తొలగిన క్షణాన భ్రమ అవుతుంది. ఫ్లెక్సీ చేసేవారికి ఆ రెండు మాటలు టైపు చేయడానికి పట్టే సమయం ఎంత? గద్దెల ఫొటో కావాలంటే కిందటి జాతరకు వెళ్లివచ్చినవారి ఫోనులో ఉండనే ఉంటుంది.

జాతర నాలుగో రోజున తల్లుల వనప్రవేశం జరుగుతుంది. భరిణె చిలకలగుట్టకు తిరిగిపోగా గద్దెల చుట్టూ కుంకుమా కరిగిన బెల్లమూ మిగులుతాయి. రహదారి పక్క కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ మీద మాత్రం ఎవరిదో ఒక ముఖం, అమ్మవారి పేరుతో, వానాకాలం దాకా వేలాడుతూ ఉంటుంది.