నిశ్చలత్వమును సమత్వమును

కదలకుండుట వేఱు, సమత్వమున నుండుట వేఱు. ఈ రెంటిని ఒకటిగా నెంచుట మన సంసారములలోను సంఘములోను తఱచుగా జరుగుచున్నది. ఇంటిలో నెవరును నోరెత్తకున్నచో ఆ ఇల్లు చక్కగా నున్నదందుము; ఊరిలో తగవు లేకున్నచో న్యాయము నడచుచున్నదందుము. ఈ నమ్మకము ఎంతవఱకు సరియైనదో విచారించుటకు పదార్థవిజ్ఞానశాలలోని ఒక చిన్న పరికరము మనకు మిక్కిలి తోడ్పడును.

అది యొక గుండ్రని బల్ల. దాని యంచున 360 డిగ్రీలు గీయబడియుండును. నడుమ నొక మేకు. మేకు చుట్టును వదులుగా నొక ఉంగరము. ఉంగరమునకు కట్టిన మూడు దారములు అంచునందలి కప్పీలమీదుగా వ్రేలాడుచు తూనికరాళ్లను మోయుచుండును. ఒక దారమునకు 300 గ్రాములు, దానికి లంబముగా నున్న రెండవదానికి 400 గ్రాములు తగిలించినచో, ఉంగరమును నడుమ నిలుపుటకు మూడవదానికెంత కావలెను? ఏడువందలని తొందరపడి చెప్పువాడు బలమునకు పరిమాణమే కాక దిక్కును గలదని మఱచినవాడు. కావలసినది 500 గ్రాములే. అదియు మొదటి దారమునుండి రెండవదాని మీదుగా లెక్కింపగా సుమారు 233 డిగ్రీల యొద్ద నుండవలెను. 1687లో న్యూటను తన మహాగ్రంథమున వివరించిన సమాంతర చతుర్భుజ న్యాయ మిదియే.

దిక్కును లెక్కగొనవలెనన్న సంగతి గోదావరి డెల్టావారికి పుస్తకములు చెప్పనక్కఱలేదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట, కాలువలలో పడవలు నడచిన కాలమున, గట్టుమీద నడచువారు తాడు కట్టి పడవను లాగెడివారు. తాడు పడవను ముందునకే కాక గట్టువైపునకు కూడ ఈడ్చును. అది గట్టును గ్రుద్దుకొనకుండ చుక్కాని పట్టినవాడు దానిని ఆవలికి త్రిప్పుచుండవలెను. ఇరువురిలో నెవని ప్రయత్నమును సరిగా కాలువవెంట లేదు. అయినను పడవ కాలువవెంటనే సాగెడిది. కావున ఒక సత్కార్యమునకు తోడ్పడువారందఱును ఒక్క తీరుననే లాగవలెనని పట్టుపట్టుట యవివేకము.

ఇక నిశ్చలత్వము మాట. బల్లమీది ఉంగరము మూడు కారణములచేత కదలక యుండవచ్చును. నడుమనున్న మేకు దానిని పట్టియుంచవచ్చును. అప్పుడు రాళ్లెంత తప్పుగా వేసినను అది కదలదు. మేకు తీసినను, కప్పీలయందలి ఘర్షణ కొంత భేదమును కప్పిపుచ్చవచ్చును. మూడవది నిజమైన సమత్వము. చూచువాని కంటికి ఈ మూడును ఒక్కటే. అందుచేతనే ఉపాధ్యాయుడు మేకు తీయించిన పిమ్మట బల్లను వ్రేలితో మెల్లగా తట్టుమనును. ఉంగరమును కొంచెము ప్రక్కకు జరిపి విడువుమనును. సమత్వమున్నచో అది మరల నడిమికి వచ్చును. లేనిచో ప్రక్కకు తొలగి తన సంగతి తెలుపును.

సంఘమున మేకనగా నిర్బంధము. ఘర్షణ యనగా అలవాటు. వితంతువుల పునర్వివాహమునకు చట్టసమ్మతి కలిగించిన శాసనము 1856లో వచ్చినది. రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారు మొదటి వితంతు వివాహమును జరిపించినది 1881 డిసెంబరు 11న. చట్టము తీసిన మేకు తీసియే యున్నను, నడుమ ఇరువదియైదేండ్లు ఇక్కడి ఉంగరము కదలలేదు. ఆ నిశ్చలతను చూపి వితంతువులకు వివాహేచ్ఛ లేదనుట, ఘర్షణను సమత్వమనుకొనుటయే. బల్లను తట్టినవా రొక్కరు కారు. కాకినాడనుండి పైడా రామకృష్ణయ్యగారు ధనమిచ్చిరి. విద్యార్థులు అండగా నిలిచిరి. రాజ్యలక్ష్మమ్మగారు ఇంటిలోని భారమును తలకెత్తుకొనిరి. ధనము, యౌవనోత్సాహము, గృహిణి యోర్పు: వీని దిక్కులు వేఱు, ఫలిత మొకటి.

నిలిచియున్నదానిని కదల్చుటేల, ఉన్న శాంతియు పోవునుగదా యని కొందఱు పెద్దలందురు. వారి భయము నిరాధారము కాదు. బల్లను గ్రుద్ది రాళ్లు పడవైచుట పరీక్ష కానేరదు. కాని మెల్లని తాకిడికే చెదరునట్టి శాంతి యెవరి కష్టముమీద నిలిచియున్నదో తెలిసికొనవలదా? న్యాయముగల ఇల్లు ప్రశ్నకు జంకదు. కదిలించినను మరల తన చోటికి వచ్చుటయే దాని గుర్తు.

ఇందొక సూక్ష్మము గలదు. మూడు దారములకును పదిరెట్లు బరువులు, అనగా 3000, 4000, 5000 గ్రాములు తగిలించినను ఉంగరము కదలదు. ఫలితబలము అప్పుడును సున్నయే. కాని దారముల బిగువు పదిరెట్లయినది. దారము తెగువఱకు చూపఱకు భేదము కానరాదు. అత్తవారి యాజ్ఞ యొకవైపు, పుట్టింటి పరువొకవైపు, మగని కోప మొకవైపు లాగుచుండగా నడుమ మాటాడక నిలిచిన కోడలిని చూచి, ఎంత నెమ్మదిగల పిల్ల యని మెచ్చుకొందుము. బలముల ఫలితము సున్నయైనంతమాత్రమున లాగుడు సున్న కాదు. కావున నిజమైన సమత్వమును సాధించుటతోనే మన పని తీరదు; ఆ సమత్వము ఎంత బిగువుమీద నిలిచినదో కూడ చూడవలెను. బిగువు హెచ్చినచోట, ఎదుటివైపున మఱియొక రాయి వేయుటకంటె ఉన్న రాళ్లను అన్నివైపులను తగ్గించుట మేలు.

ఇంతవఱకు ఉపమానము మనతో వచ్చును, ఇటుపై రాదు. ఉంగరమునకు నోరు లేదు గనుక దానిని తట్టి చూడవలసివచ్చినది. మనుష్యునకు నోరున్నది, కావున అతనిని అడుగుటయే తట్టుట. చదువు మానిన కుమార్తెను, మనుమని యింట మూలనున్న ముసలమ్మను, పొలమున పనిచేయు పాలేరును, “ఇది నీ కిష్టమేనా?” యని యెన్నడైన అడిగితిమా? అడుగునప్పుడు, ఏమి చెప్పినను తమకు కీడు రాదన్న నమ్మకమును వారికి ముందుగా కలిగింపవలెను. ఆ నమ్మకము లేక వారు “ఇష్టమే” యనినచో, మేకు ఇంకను తీయలేదని మనము గ్రహింపవలెను.