రహస్యానికి జవాబుదారీ ఎవరు?

ప్రతి ఇంటికీ ఒక గుట్టు ఉంటుంది. చేసిన అప్పు, ఆడపిల్ల పెళ్ళి మాటలు, అన్నదమ్ముల మధ్య వచ్చిన పొరపొచ్చాలు వీధిలో చెప్పుకునే సంగతులు కావు. రాజ్యానికీ అలాంటి గుట్టు ఉంటుంది. శత్రువుల కదలికలు కనిపెట్టేవారు ఎవరో, వారు ఏ దారిన పోతారో బహిరంగంగా చాటమని వివేకం కలవాడెవడూ కోరడు. ఇంతవరకు వివాదం లేదు. ఆ గుట్టు మాటున జరిగే పనిని తనిఖీ చేసే హక్కు ఎవరిది, తనిఖీ చేసేవారికి ఎంతవరకు చెప్పాలి, అంతా విన్న తర్వాత వారు ఏం చేయగలగాలి అన్న చోట అసలు చిక్కు వస్తుంది. మొదటి రెండు ప్రశ్నల మీద ఎన్నో చర్చలు జరిగాయి. మూడోదాన్ని మాత్రం చాలామంది దాటవేస్తారు. మనం దాన్నే పట్టుకుందాం.

ఈ విషయమై అందరికంటే ఎక్కువ కాగితాలు బయటపెట్టిన దేశం అమెరికా. కనుక అక్కడి అనుభవాన్నే పరిశీలిద్దాం. ఆ దేశపు గూఢచారి సంస్థ సి.ఐ.ఏ. 1947లో ఏర్పడింది. సుమారు పాతికేళ్ళ పాటు చట్టసభ దాన్ని గట్టిగా నిలదీసింది లేదు. కొన్ని సంగతులు తమకు తెలియకపోవడమే మేలని భావించిన సభ్యులు కూడా ఉన్నారు. 1975లో సెనేటర్ ఫ్రాంక్ చర్చ్ అధ్యక్షతన వేసిన సంఘం తవ్వకం మొదలుపెట్టాక, పరదేశ నాయకులను హతమార్చే పన్నాగాలు, సొంత పౌరుల ఉత్తరాలు విప్పి చదవడాలు వెలుగు చూశాయి. ఫలితంగా 1976లో సెనేట్, 1977లో ప్రతినిధుల సభ శాశ్వతమైన నిఘా సంఘాలు వేసుకున్నాయి. గూఢచార సంస్థలు తమ పనుల గురించి ఆ సంఘాలకు ఎప్పటికప్పుడు పూర్తిగా తెలియజేయాలని 1980లో చట్టం కూడా వచ్చింది. కాగితం మీద చూస్తే సమస్య తీరిపోయినట్టే.

తీరలేదని చెప్పడానికి ఒక ఉత్తరం చాలు. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత, కోర్టు అనుమతి లేకుండానే అమెరికా పౌరుల విదేశీ ఫోన్ సంభాషణలు వినే పథకాన్ని ఎన్.ఎస్.ఏ. అనే సంస్థ ప్రారంభించింది. చట్టసభలో వేళ్ళ మీద లెక్కపెట్టదగ్గ కొద్దిమందికి మాత్రమే ఈ సంగతి చెప్పారు. సెనేట్ నిఘా సంఘ ఉపాధ్యక్షుడు జే రాక్‌ఫెల్లర్ వారిలో ఒకరు. తన సిబ్బందితో గానీ, న్యాయవాదితో గానీ, తోటి సభ్యులతో గానీ దాన్ని ప్రస్తావించే వీలు ఆయనకు లేదు. 2003 జూలై 17న ఆయన ఉపాధ్యక్షుడు డిక్ చెనీకి చేత్తో ఒక ఉత్తరం రాశారు. తాను సాంకేతిక నిపుణుణ్ణి కాననీ, న్యాయవాదినీ కాననీ, ఎవరి సలహా తీసుకునే వీలు లేకుండా ఈ పథకం మంచిచెడ్డలు తేల్చలేననీ దాని సారాంశం. ఒక ప్రతిని కవరులో పెట్టి, సీలు వేసి భద్రపరచుకున్నారు. 2005 డిసెంబరులో పత్రికల ద్వారా పథకం బయటపడిన తర్వాతే ఆ ఉత్తరం సంగతి లోకానికి తెలిసింది.

పాఠకులారా! ఆ మనిషి స్థితి ఒక్కసారి ఊహించండి. చెవిలో చెప్పారు. నోరు కట్టేశారు. రేపు ఎవరైనా ప్రశ్నిస్తే, చట్టసభకు చెప్పే చేశామని ఆ సంస్థ ధీమాగా అంటుంది. అంటే ఆయన పరిశీలకుడిగా లోపలికి వెళ్ళి సాక్షిగా బయటికి వచ్చాడు. అదీ పలకరాని సాక్షి. తప్పును ఆపే శక్తి ఇవ్వకుండా తప్పు సంగతి మాత్రమే చెప్పడం విన్నవాడిని భాగస్వామిని చేసే ఉపాయం. అప్పటి సంఘాధ్యక్షుడు పాట్ రాబర్ట్స్ మాత్రం రాక్‌ఫెల్లర్‌ను తప్పుపట్టారు. సెనేటరుకు ఎన్నో అధికారాలుండగా నిస్సహాయత నటించడమేమిటన్నది ఆయన వాదన. అందులో కొంత నిజం లేకపోలేదు. కాని ఆ మాట పూర్తిగా నెగ్గాలంటే, ఆ అధికారాలు వాడుకోవడానికి కనీసం ఒక లాయరునైనా పక్కన కూర్చోబెట్టుకోనివ్వాలి కదా!

రెండో ఉదంతం ఇంతకంటే బాధాకరం. సి.ఐ.ఏ. రహస్య చెరలలో బందీలను హింసించిన వ్యవహారం అది. అబూ జుబైదా అనే బందీ ముఖం మీద గుడ్డ కప్పి, నీళ్ళు పోసి, ఊపిరాడకుండా చేసే హింసను 2002 ఆగస్టులో 83 సార్లు ప్రయోగించారు. సెనేట్ నిఘా సంఘ పెద్దలకు ఈ పద్ధతుల గురించి మొదటిసారి చెప్పింది ఆ తర్వాతి నెలలో. సంఘంలోని మిగతా సభ్యులకు చెప్పింది 2006 సెప్టెంబరు 6న, అధ్యక్షుడు బుష్ టెలివిజన్‌లో ప్రకటించడానికి కొన్ని గంటల ముందు. ఈలోగా 2005 నవంబరులో విచారణల వీడియో టేపులు 92 ధ్వంసమయ్యాయి.

టేపుల సంగతి పొక్కిన తర్వాత 2009లో సెనేట్ సంఘం పూర్తి పరిశీలన చేపట్టింది. 60 లక్షలకు పైగా పుటలు చదివి, 6,700కు మించిన పుటల నివేదిక తయారుచేసింది. ఆ కాగితాలు చదవడానికి సి.ఐ.ఏ. ఏర్పాటు చేసిన భవనంలో, సి.ఐ.ఏ. ఇచ్చిన కంప్యూటర్ల మీదే పని చేయవలసి వచ్చింది. అలా పనిచేస్తున్న సెనేట్ సిబ్బంది కంప్యూటర్లలోకి సి.ఐ.ఏ. ఉద్యోగులే చొరబడి వెతికారు! 2014 మార్చి 11న సంఘాధ్యక్షురాలు డయాన్ ఫైన్‌స్టైన్ సభలో లేచి ఈ సంగతి బయటపెట్టారు. సంస్థ అధిపతి జాన్ బ్రెన్నన్ మొదట కొట్టిపారేశారు. సంస్థలోని తనిఖీ అధికారే అది నిజమని తేల్చాక, జూలైలో క్షమాపణ చెప్పుకున్నారు. దొంగతనం విచారించడానికి వచ్చినవారి సంచులను ఆ ఇంటివారే సోదా చేశారన్నమాట.

2014 డిసెంబరు 9న వెలువడిన సంక్షిప్త నివేదిక ప్రకారం, 119 మంది బందీలలో కనీసం 26 మందిని నిర్బంధించడం ఆ సంస్థ సొంత ప్రమాణాల ప్రకారమే తప్పు. కొన్నేళ్ళపాటు ఈ సంగతి ఏ ఓటరుకూ తెలియదు.

రెండో పక్షం వాదన కూడా వినాలి. మరో దాడి రేపే జరగవచ్చన్న భయం ఆనాడు నిజమైనదే. చట్టసభ్యులు మాట జారుతారన్నదీ, పార్టీ లాభం కోసం రహస్యాన్ని వాడుకుంటారన్నదీ వట్టి సాకులు కావు. ఈ నివేదిక తయారీలో సంబంధిత అధికారుల్లో ఒక్కరినీ కూర్చోబెట్టి విచారించలేదన్న విమర్శ మాకు బలమైనదిగానే తోస్తుంది. ఆ బందీల వల్ల విలువైన సమాచారం దొరికిందని సి.ఐ.ఏ. వాదించింది కూడా. దొరికిందో లేదో తేల్చేది ఎవరు? టేపులు ధ్వంసం చేసినవారి చేతిలోనే ఆ తీర్పు పెట్టలేము.

గూఢచర్యానికి హద్దు ఎక్కడన్న ప్రశ్న ఇస్లామీయ చరిత్రకు కొత్తది కాదు. కందక యుద్ధంలో ఒక చలి రాత్రి హజ్రత్ హుజైఫా (రజి)ని దైవప్రవక్త (సఅసం) శత్రు శిబిరంలోకి పంపారు. వార్త తెమ్మన్నారు, వారిని రెచ్చగొట్టే పనేదీ చేయవద్దన్నారు. శత్రు నాయకుడు అబూ సుఫ్‌యాన్ బాణానికి అందే దూరంలో కనిపించాడు. హుజైఫా (రజి) విల్లు ఎక్కుపెట్టి కూడా ఆజ్ఞ గుర్తొచ్చి దించేశారు. తిరిగి వచ్చి చూసిందంతా విన్నవించారు. అక్కడ రహస్యం ఉంది. అయితే పోకముందే హద్దు ఉంది, వచ్చాక లెక్క అప్పగింత ఉంది. ఇక సొంత ప్రజల మీద నిఘా సంగతి వేరు. అనుమానించడాన్నీ, ఆరాలు తీయడాన్నీ హుజురాత్ సూరా 12వ ఆయతు ఒకేచోట వారిస్తుంది. రాత్రి గస్తీలో ఒక ఇంటి గోడ దూకిన హజ్రత్ ఉమర్ (రజి)ని లోపల తప్పు చేస్తూ దొరికినవాడే నిలదీశాడన్న ఉల్లేఖనం చాలామంది వినే ఉంటారు. నాది ఒక తప్పు, మీవి మూడు అన్నాడతను. ఆరా తీశారు, ద్వారం వదిలి గోడ దూకారు, అనుమతి అడగలేదు. ఖలీఫా ఆ మాట ఒప్పుకుని వెనుదిరిగారు.

మన దేశంలో ఇలాంటి నిఘా సంఘమే లేదు. 1968లో ఏర్పడిన రా, అంతకంటే చాలా పాతదైన ఐ.బి. పార్లమెంటు చేసిన ప్రత్యేక చట్టంతో పుట్టినవి కావు. 2011లో మనీష్ తివారీ ప్రవేశపెట్టిన ప్రైవేటు బిల్లు చట్టం కాలేదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం కూడా అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలు మినహా ఈ సంస్థలను తన పరిధి నుండి తప్పించింది. పెగాసస్ వ్యవహారంలో 2021 అక్టోబరు 27న, మన తెలుగువారైన ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ నాయకత్వంలోని ధర్మాసనం నిపుణుల సంఘాన్ని నియమించింది. పరిశీలించిన 29 ఫోన్లలో 5 ఫోన్లలో ఏదో హానికర సాఫ్ట్‌వేర్ కనిపించింది గానీ అది పెగాససే అని తేలలేదు. ప్రభుత్వం సహకరించలేదని ఆ సంఘం చెప్పినట్టు 2022 ఆగస్టులో ఆయన కోర్టులోనే వెల్లడించారు. 2024 మార్చిలో హైదరాబాదులో నమోదైన ఫోన్ ట్యాపింగ్ కేసులోనూ ముఖ్య ఆరోపణల్లో ఒకటి హార్డ్ డిస్కుల ధ్వంసమే. నిజానిజాలు తేల్చవలసింది న్యాయస్థానం. అయినా సముద్రాల అవతలి టేపులు గుర్తుకు రాకుండా ఉంటాయా?

సెనేట్ పూర్తి నివేదిక ఇప్పటికీ ప్రజల చేతికి రాలేదు. వెలువడిన కొద్ది భాగంలో గుల్ రహ్మాన్ అనే అఫ్ఘాన్ వ్యక్తి ప్రస్తావన ఉంది. 2002 నవంబరులో ఆయనను ఒక రహస్య చెరలో అర్ధనగ్నంగా, చల్లని వట్టి నేల మీద గొలుసులతో కట్టి ఉంచారు. తెల్లవారేసరికి చనిపోయి ఉన్నాడు. ఆ చెరను నడిపిన అధికారికి నాలుగు నెలల తర్వాత 2,500 డాలర్ల బహుమతి ఇవ్వాలని సిఫారసు వెళ్ళింది. హింసా పద్ధతులను రూపొందించిన ఇద్దరు మనస్తత్వ నిపుణుల మీద వేసిన దావా 2017లో రాజీతో ముగిసింది. శవాన్ని మాత్రం కుటుంబానికి అప్పగించలేదు, ఎక్కడ ఉందో చెప్పనూ లేదు. దాని జాడ తెలుపమని 2018లో ఒక పౌరహక్కుల సంస్థ సమాచార చట్టం కింద అర్జీ పెట్టుకోవలసి వచ్చింది.