వేళ్ళమీది కాయలు

మొన్న తిరుపతిలో మా అక్క కూతురు ఒక సంగీత పత్రిక తెచ్చి చూపించింది. అట్టమీద తనే! పట్టుచీర, తలనిండా మల్లెలు, ఒళ్ళో వీణ. కాని ఎడమచెయ్యి మెట్లమీద లేదు, గడ్డంకింద ఉంది!

"ఎవరైనా అట్లా వాయిస్తారామ్మా?" అన్నాను.

"వేళ్ళమీద కాయలు కనబడితే బాగుండదన్నాడు చిన్నమ్మా, ఫోటో తీసినాయన."

ఇక్కడి శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల 1959లో మొదలైంది. అప్పటినుంచి ఎందరు ఆడపిల్లలు తీగలు నొక్కి నొక్కి ఆ కాయలు సంపాదించుకున్నారో!

అందంగా కనబడడం తప్పని నేననను. ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి నీలంచీరనూ, ముక్కుపుడకలనూ ఎవరు మరిచారు? అయినా 2006లో పూర్ణకుంభం కూడలిలో ఆమెకు విగ్రహం పెట్టింది చీరను చూసి కాదు గదా, అన్నమయ్యను ఇంటింటికీ చేర్చిన గొంతుకు!

అందాన్ని చూపడం అబద్ధం కాదు. దానికోసం కష్టాన్ని దాచడం అబద్ధం. ఆ అట్ట చూసి వీణ పట్టిన పదేళ్ళపిల్ల, వేళ్ళు మండగానే తనకు విద్య రాదనుకోదూ?

ఇంత చెబుతున్న నేను మాత్రం? నా నవలల్లో వీణ వాయించే నాయికలందరికీ లేతచిగుళ్ళలాంటి వేళ్ళే ఇచ్చాను. ఒక్కదాని వేలికీ కాయ కాయనివ్వలేదు!