పోయినదానికై దుఃఖించుట న్యాయమా?

నల్లమల అడవిలో గూడ్సుబండి వచ్చువేళకు కెమెరా పట్టుకొని కాచియుండు యువకులు కొందరు కలరు. గుంతకల్లు నుండి నంద్యాల, గిద్దలూరు మీదుగా గుంటూరు పోవు ఆ దారిని 19వ శతాబ్దపు చివర సదరన్ మరాఠా రైల్వేవారు మీటరుగేజిగా వేసిరి. 1990లలో బ్రాడ్‌గేజిగా మార్చినప్పుడు పట్టాలు దొరబావి లోయమీది ఎత్తైన వంతెనను విడిచి వేరు త్రోవను పోయినవి. ఆవిరి ఇంజను లేదు, ఆ వంతెనమీద బండియు లేదు. పోయినదాని గురుతుగా నేటి గూడ్సునైనను ఫోటో తీసికొందమని వారి ఆశ. ఇది వెర్రి అని మన పెద్దలు నవ్వుదురు గాని, నేను నవ్వను.

అయితే ఆ పాతకాలము ఎవరికి అందము? గుంతకల్లులో రెండు గేజీలు కలిసినంతకాలము, చిన్నబండిలోని సరకు పెద్దబండికి ఎక్కవలెనన్న మనుష్యులే మోయవలెను. బస్తా మోసిన మెడకు ఆ చిన్నపట్టాలు అందముగా తోచునా? నేడు బండి ఆగక సాగిపోవును, మెడకు విశ్రాంతి దొరికెను. మెడ బరువుతోపాటు కూలిడబ్బులును పోయెను గదా! కాబట్టి మార్పు మంచిదేయని ఒక్కమాటతో తేల్చుటకు నాకు నోరు రాదు.

ఫోటోలో వంతెన పడును, బండి పడును, హమాలీ పడడు. తీయువాడు పట్టాలకు దూరముగా నిలిచి తీయవలెను (అనుమతి లేక పట్టాలెక్కుట 1989 నాటి రైల్వే చట్టము ప్రకారము నేరము). తీసిన తరువాత గుంతకల్లు వీధులలోనికి వెళ్లి, బస్తాలు మోసిన ముసలివారెవరైన మిగిలియున్నారా అని విచారించి, దొరికిన పేరును ఆ ఫోటో క్రింద వ్రాయవలెను. అడుగుటకు వారింకెన్నాళ్లు ఉందురు?