ఉప్పెనయు పాపవిచారమును



1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీని దివిసీమను ముంచిన ఉప్పెన ప్రజల పాపఫలమని చెప్పువారు నేటికిని గలరు. మేము న్యాయవాదవృత్తిలోనివారము. సాక్ష్యము లేనిదే ముద్దాయిని దోషి యనుట మాకు చేతగాదు. ఆ దినమున సుమారు పదివేల మంది మృతినొందిరి. వారి నేరమేమి? వారిలో ననేకులు సొర్లగొంది మొదలగు పల్లెలలో తాటాకు గుడిసెలలో వసించు పల్లెకారులును కూలివారును. గట్టి మేడల నాశ్రయించినవారిలో పలువురు బ్రదికిరి. సర్వేశ్వరుని త్రాసు తాటాకు కప్పున కొకరీతిని, సున్నపుగోడ కొకరీతిని మ్రొగ్గునా?

సృష్టిలో నియమము లేని చేష్ట లేదు. సుడిగాలి సముద్రజలమును తీరముపైకి నెట్టును. కృష్ణాముఖమున సముద్రము లోతు తక్కువ, నేల మిక్కిలి పల్లము. కావున ఆనాడు నీరు 5 మీటర్ల యెత్తున లేచి పల్లెలపై బడినది. 1864లో బందరున ముప్పదివేల మందిని హరించినదియు నిట్టి యుప్పెనయే. అయితే ఆ నియమమే మనకు ముందుగా హెచ్చరికయు నిచ్చుచున్నది. గాలివాన సమీపించునపుడు భారమితిలో పాదరసము దిగును. దీనిని దయ యనక మఱేమందుము?

1990 మే నెలలో అదే తీరమునకు మఱియొక ఘోరమైన తుపాను వచ్చినది. ముందే వార్త యందుటచే లక్షకు మించిన జనమును పల్లపుటూళ్లనుండి తరలించిరి. మృతులు వేయికి లోబడిరి. పదుమూడేండ్లలో మన పాపములు పదియవవంతునకు దిగినవా? ఈ ప్రశ్నకు పాపవాదు లెవ్వరును మా కుత్తరమీయలేదు.

ఆత్మవిచారము వలదని మేమనుట లేదు. విచారింపవలసినది మృతులను గాదు, మనలనే. శాంతిహోమమునకు చందా యడిగినతోడనే యిచ్చిన మేము, మా పొలములలో పాటుపడు కూలివాని గుడిసె యే పల్లమున నున్నదో, తుపాను వార్త వానికెవరు చెప్పుదురో ఒకమాఱైనను అడిగి యెఱుగము. ఇది వ్రాయుటకు సిగ్గగుచున్నది, అయినను వ్రాయుచున్నాము.

అవనిగడ్డ సమీపమున, ఉప్పెననీరు నిలిచిన తావున, మృతుల స్మారక మొకటి గలదు. మేమచట ప్రార్థన చేయ నుద్దేశించి నిలిచితిమి. నోట మాట రాలేదు. సముద్రమున్న దిక్కును చాలసేపు చూచి, దారిలోని గుడిసెల లెక్కించుచు మరలి వచ్చితిమి.