నాణేలు పోగుచేయడం తృష్ణ కాదా?

పౌర్ణమి వందన అయ్యాక విహారంలో ఒక కుర్రాడు ఒక పెద్ద ఉపాసకుణ్ణి సూటిగా అడిగాడు: "తాతా, అనిత్యం గురించి మాకు మీరే చెప్తరు. మరి ఇంట్ల మూడు ట్రంకుపెట్టెల నిండ నాణేలెందుకు దాచుకున్నరు? అది తృష్ణ కాదా?" రైల్వేలో పనిచేసి రిటైరైన ఆ పెద్దాయన నలభై ఏళ్లుగా ఆదివారం వస్తే చాలు అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత పుస్తకాల మధ్య పాత నాణేలు వెతుక్కుంటాడు. ఆయన నవ్వి ఊరుకున్నాడు. ప్రశ్న మాత్రం నవ్వి ఊరుకునేది కాదు. పంచశీల తీసుకుని సంసారం చేసుకుంటున్న మనందరికీ అది తగులుతుంది.

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. ధమ్మంలో భిక్షువుకు ఒక నియమం, గృహస్థుకు ఒక నియమం. భిక్షువు బంగారం, వెండి ముట్టరాదు. బాబాసాహెబ్ "బుద్ధుడా, కార్ల్ మార్క్సా" అన్న వ్యాసంలో భిక్షువుకు ఉండదగిన ఆస్తి లెక్కపెట్టి చూపారు: చీవరాలు, మొలకట్టు, భిక్షాపాత్ర, మంగలికత్తి, సూది, నీళ్లు వడకట్టే గుడ్డ. అంతే. ఈ నియమం కోసం సంఘం ఒకసారి చీలికదాకా వెళ్లింది. బుద్ధుని మహాపరినిబ్బానం తర్వాత సుమారు వందేళ్లకు వైశాలిలో వజ్జి భిక్షువులు ఉపోసథం రోజున కంచుపాత్రలో నీళ్లు పోసి ముందు పెట్టుకున్నారు. వచ్చిన ఉపాసకులను అందులో కహాపణమో, అర కహాపణమో, కనీసం మాసకమో వేయమన్నారు. యశుడనే భిక్షువు లేచి వద్దన్నాడు. ఆ రాత్రి గడిచాక పంపకాల్లో ఆయనకూ ఒక వాటా తెచ్చి ఇస్తే తీసుకోలేదు. చివరికి ఏడువందల మంది భిక్షువులు కూర్చుని యశుని మాటే సరైందని తేల్చారు. అదే రెండవ సంగీతి.

వినయం అట్లా చెప్తుంది. మట్టి ఇంకో కథ చెప్తుంది. 2024లో సూర్యాపేట జిల్లా ఫణిగిరి బౌద్ధ క్షేత్రంలో తవ్వుతుంటే ఒక మట్టికుండ బయటపడింది. అందులో 3,730 సీసం నాణేలు, ఒకవైపు ఏనుగు, ఇంకోవైపు ఉజ్జయిని గుర్తు. ఇక్ష్వాకుల కాలం నాటివన్నారు. విహారం నేలలో అంత చిల్లర! కట్టడాల లెక్కలు చూసిన ఉపాసకుడెవరో ఆపదకాలంలో పూడ్చిపెట్టి ఉండవచ్చు. యశుడు చూస్తే ఏమనేవాడో ఊహించుకోవచ్చు గానీ, ఆ కుండ లేకపోతే ఫణిగిరి గురించి మనకు తెలిసేది అంతమేరకు తగ్గేది.

గృహస్థు సంగతికి వస్తే, అనాథపిండికుడు జేతవనం కొన్న కథ మీకు తెలిసిందే. నేలంతా నాణేలు పరిచి కొన్నాడు. భార్హుత్ శిల్పంలో ఆ దృశ్యం చెక్కారు. బండి నిలబడి ఉంది, మనుషులు పలకల్లాంటి చదరపు నాణేలు నేలమీద పేరుస్తున్నారు. అవి ఆనాటి విద్ధాంక నాణేలు, ముద్రలు కొట్టిన వెండి బిళ్లలు. అనాథపిండికుణ్ణి బుద్ధుడు ధనవంతుడివని దూరం పెట్టలేదు. గృహస్థుకు నాలుగు సుఖాలున్నాయని ఆయనకే చెప్పాడు: ధర్మంగా సంపాదించింది ఉండటం, దాన్ని అనుభవించడం, అప్పు లేకపోవడం, నింద లేకపోవడం. నాణేల పిచ్చి ఉన్నవాళ్లు ఇందులో మూడోదాన్ని గోడమీద రాసి పెట్టుకోవాలి. ఇంటి ఖర్చుకు కోతపెట్టి, వడ్డీకి తెచ్చి అష్రఫీ కొన్నవాడికి ఆ అష్రఫీ నిద్ర ఇవ్వదు.

ఇక మన సంగతి. శూద్రుడు శక్తి ఉన్నా ధనం కూడబెట్టరాదని మనుస్మృతి పదో అధ్యాయంలో రాసిపెట్టారు. తెలంగాణలో మన పెద్దలు వెట్టి చేశారు. కూలి దొరికినా అది ఎక్కువగా గింజల్లోనే. పైసా చేతికొచ్చినా కొట్టు ముందు దూరంగా నిలబడి నేలమీద పెట్టాలి. కొట్టువాడు చిల్లర ఇచ్చేటప్పుడు చేతికి చేయి తగలకుండా పైనుంచి వేసేవాడు. అందరి చేతులు మారడానికే పుట్టిన వస్తువు మన చేతి దగ్గరకొచ్చేసరికి గాలిలో పడేది. కాబట్టి ఆ ఇంటి మనవడు ఒక వెండి రూపాయిని అరచేతిలో పెట్టుకుని తీరిగ్గా చూస్తుంటే, "వదిలెయ్ నాయనా, అంతా అనిత్యం" అనడానికి నాకు నోరు రాదు. ఉన్నవాడు వదులుకుంటే అది త్యాగం. ఎన్నడూ ఉండనివ్వని వాళ్లకు అదే మాట చెప్తే పాత శాసనం కొత్త గొంతుతో వినిపిస్తుంది. బుద్ధుడు పేదరికాన్ని పొగడలేదని బాబాసాహెబ్ ఎందుకంత గట్టిగా చెప్పారో ఇక్కడ అర్థమవుతుంది.

అట్లాగని తృష్ణ లేదని కాదు. ధమ్మపదంలో కోరికల గురించి చెప్తూ కహాపణాల వాననే ఉదాహరణ తీసుకున్నారు. సేకరణలో అది చాలా సన్నగా దూరుతుంది. వరుసలో ఒక్క సంవత్సరం ఖాళీ. ఆ ఖాళీ ఉన్న పేజీ తప్ప ఆల్బంలో ఇంకేదీ కనబడదు. దొరకగానే ఇంకో వరుస మొదలు. ఉన్న నాణేన్ని ఆఖరుసారి ఎప్పుడు బయటికి తీసి చూశావని అడిగితే జవాబుండదు. అదీ పట్టు. నాణెం మనల్ని చదివిస్తున్నదా, లేక కొనిపిస్తున్నది మాత్రమేనా అని ఎవరికి వాళ్లు చూసుకోవాలి.

చదివించే నాణెం ఎట్లా ఉంటుందో హైదరాబాదు నాణెంలోనే చూడండి. నిజాం రాజ్యానికి సొంత డబ్బుండేది, హాలీ సిక్కా. ఇంగ్లీషువాళ్ల రూపాయిని కల్దార్ అనేవాళ్లు. ఆరు కల్దార్లకు ఏడు హాలీలు లెక్క. నాణెం మీద చార్మినార్, దాని ద్వారంలో ఒక అక్షరం. మహబూబ్ అలీఖాన్ కాలందైతే "మీమ్", ఉస్మాన్ అలీఖాన్ కాలందైతే "ఐన్". ఆ ఒక్క అక్షరం, హిజ్రీ సంవత్సరం చదవడం కోసం ఉర్దూ అంకెలు నేర్చుకున్న మనవాళ్లున్నారు. అంత పెద్ద రాజ్యం డబ్బు 1959 కల్లా చెల్లకుండా పోయింది. అణాలు, బేడలు 1957లో నయాపైసలకు దారిచ్చాయి. పావలా 2011 జూన్‌తో చెల్లుబాటు పోగొట్టుకుంది. నాంపల్లిలో పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియం 1930లో మొదలైంది. అక్కడ బౌద్ధ శిల్పాలతో పాటు నాణేలూ ఉన్నాయి. అబిడ్స్‌లో కొనేముందు నాంపల్లిలో చూడటం అలవాటు చేసుకుంటే జేబుకూ మంచిది, బుద్ధికీ మంచిది.

పంచశీలలో రెండోది, ఇవ్వనిది తీసుకోకపోవడం, ఈ అభిరుచికి గట్టి పరీక్ష. పొలంలో కుండ దొరుకుతుంది. రాత్రికి రాత్రి పంచుకుంటారు, సగం కరుగుతుంది, సగం చేతులు మారి పట్నం చేరుతుంది. 1878 చట్టం ప్రకారం భూమిలో దొరికిన నిధి పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు చెప్పాలి. 1972 చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు, దాని వ్యాపారానికి లైసెన్సు కావాలి. చట్టం సంగతి అట్లా ఉంచండి. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో శాతవాహన సిముకుని పేరున్న నాణేలు దొరికాయి. ఎక్కడ దొరికాయో నమోదైంది కాబట్టే ఆ రాజుల తొలి రోజులకు తెలంగాణతో సంబంధం ఉందని పండితులు వాదించగలిగారు. అదే నాణెం ఊరిపేరు లేకుండా సంచిలో పడి పట్నం వస్తే సీసం ముక్క. అప్పుడు దొంగిలించబడేది లోహం కాదు, ఒక ఊరి చరిత్ర.

నాలుగో శీలం సత్యం. పాత నాణేల మీద మూడు కమానుల గుర్తు ఒకటి కనబడుతుంది. కొందరు పండితులు చైత్యమంటారు, కొందరు కొండ అంటారు. మనకు చైత్యమనే అనిపిస్తుంది, ఎందుకంటే మనకది ఇష్టం. కాలాములకు బుద్ధుడు చెప్పింది ఇలాంటప్పుడే గుర్తుకు రావాలి. కంచె మధ్య చెట్టు కనబడగానే బోధివృక్షమని రాసేయకూడదు. కనిష్కుని బంగారు నాణెం సంగతి వేరు, బుద్ధుని బొమ్మ పక్కనే గ్రీకు లిపిలో "బొద్దో" అని పేరే ఉంది. ఆధారం అంటే అది.

ఇక బియ్యం లాగే నాణెం, వైష్ణోదేవి బొమ్మ ఉన్న అయిదు రూపాయలకు లక్షలు అనేవాళ్ల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. రైస్ పుల్లింగ్ పేరుతో మన రెండు రాష్ట్రాల్లో ఎన్ని ఇళ్లు మునిగాయో పేపర్లలో చూస్తూనే ఉన్నాం. పాత నాణేలు కొంటామంటూ తన పేరు వాడుకునేవాళ్లను నమ్మొద్దని రిజర్వ్ బ్యాంకు 2021లో ప్రకటన ఇచ్చింది.

పిల్లలకు ఈ అలవాటు నేర్పాలనుకునేవాళ్లు 1990 నాటి ఒక్క రూపాయితో మొదలుపెట్టండి. బాబాసాహెబ్ శతజయంతికి వేసిన నాణెం, కొద్ది డబ్బుకే దొరుకుతుంది. అది చేతికిచ్చి ఆయన 1923లో "రూపాయి సమస్య" అనే పుస్తకం రాశారని చెప్పండి. ఇష్టమొచ్చినట్టు రూపాయలు పెంచితే వాటి విలువ పడిపోతుందనీ, ధరలు పెరిగినంత వేగంగా కూలి పెరగదనీ, ఆ నష్టం కూలివాడి కంచంలో తేలుతుందనీ ఆయన వాదించారు. ఆ రూపాయి మీదే ఆయన బొమ్మ రావడానికి 67 ఏళ్లు పట్టింది. నాణేన్ని చింతపండుతో తోమొద్దని, చవక ప్లాస్టిక్ కవర్లలో పెడితే పచ్చగా పాడవుతుందని, సీసం నాణెం పట్టుకున్నాక చేతులు కడుక్కోవాలని కూడా చెప్పండి. పక్కన ఒక చీటీ పెట్టించండి: ఎప్పుడు, ఎక్కడ, ఎవరి దగ్గర, ఎంతకు.