అరిగిన టైరు చెప్పు సాక్ష్యము

పాత పికప్ బండి కొనువాడు దాని రంగును గాక నడకను చూడవలెను. మాసబ్ ట్యాంక్ ఫ్లైఓవరు మీద ఇరుప్రక్కల వాహనములు క్రిక్కిరిసియుండగా బండి ఒక వైపునకు లాగినయెడల అది చిన్న లోపము కాదు.

అయినను తొందరపడి తీర్పు తీర్చకుము. నీరు పోవుటకై రోడ్డు అంచులకు వాలుగా వేయబడును గనుక, ఎడమ ప్రక్కను పోవు బండి కొంచెము ఎడమకు జరుగుట సహజము. మొదట టైర్లలో గాలి సమముగా నున్నదేమో చూడుము. ముందు టైర్లను ఒకదాని స్థానమున మరియొకటి వేయించుము; లాగు వైపు మారినచో దోషము టైరుదే. మారనియెడల బ్రేకు పట్టుచున్నదేమో, బాల్ జాయింట్లు వదులైనవేమో చూచిన పిమ్మటనే అలైన్‌మెంటు చేయింపుము. కీలు వదులుగా నుండగా చక్రమును సరిచేసిన ఫలమేమి?

టైరు అబద్ధమాడదు. ఒక అంచే అరిగినచో చక్రము ప్రక్కకు వాలియుండవచ్చును. అరచేతితో అడ్డముగా తడిమినప్పుడు ఒక దిశను నున్నగా, ఎదురు దిశను గరుకుగా తగిలినచో చక్రములు తిన్నగా నిలిచియుండలేదు.

నడుపువాని చేయి మాత్రము వంకరకు అలవాటుపడును. స్టీరింగును ఒక ప్రక్కకు బిగబట్టియే, బండి తిన్నగా పోవుచున్నదని అతడు నమ్మును. మన లోపములును అట్టివే గదా!

కొందరు క్రొత్త టైర్లు వేసి అమ్ముదురు. కొనువాడు అడుగలేదు గనుక చెప్పనక్కరలేదందురా? అడుగనెరుగనివాడే మనలను నమ్మును. అతని వెనుక కూలిజనము కూర్చుండును. కనుక పాత టైర్లు ఎట్లు అరిగెనో అమ్మునప్పుడే చెప్పుము. ధర తగ్గినను నీకు నిద్ర పట్టును.